తాడు కట్టుకోకుండా ఎక్కాడు, అక్కడే గెలిచాడు

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో సూపర్ హీరో సినిమాల మీద వచ్చిన వ్యాసం చదివాను. బ్యాట్‌మ్యాన్ మూడు భాగాల్లో చివరిదైన ‘ది డార్క్ నైట్ రైజెస్’ని ఒక్క ముక్కలో తేల్చేశారు, మూడింటిలో అదే వీక్ అని. సరే, కాదనను. 2008లో వచ్చిన రెండో భాగం పక్కన పెడితే ఏ సినిమా అయినా చిన్నబోతుంది. కానీ ఎక్కడ వీకో చెప్పకుండా వదిలేస్తే ఎలాగండీ?

2012 జులైలో నేనీ సినిమాని హైదరాబాద్ ప్రసాద్స్‌లో చూశాను. మొదట్లో ఆ విమానాన్ని గాల్లోనే నిలువునా వేలాడదీసే సీన్‌కి సీటు చేతులు గట్టిగా పట్టుకున్నది ఇప్పటికీ గుర్తుంది. మళ్లీ మొన్న మా మేనల్లుడితో కలిసి ఇంట్లో టీవీలో చూశాను. వాడు ఇంటర్ చదువుతున్నాడు, రిమోట్ వాడి చేతిలోనే ఉంది, పాజ్ కొట్టి మరీ ప్రశ్నలు. ‘‘మామయ్యా, స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో విలన్ బేన్ మనుషులకి ఇంకా ఎనిమిది నిమిషాల పనే ఉందన్నారు కదా, పట్టపగలు బైకులెక్కి బయటికొస్తే అంతలోనే చీకటెలా పడింది?’’ ‘‘నడుం విరిగి ఎక్కడో ఎడారి జైల్లో పడున్న బ్యాట్‌మ్యాన్ పాస్‌పోర్టు లేకుండా, జేబులో పైసా లేకుండా, వంతెనలు పేల్చేసిన ఊళ్లోకి ఎలా వచ్చాడు?’’ ‘‘నెలల తరబడి భూగర్భంలో ఇరుక్కున్న పోలీసులు అంత తాజాగా ఎలా ఉన్నారు, లోపల స్నానాల గదులున్నాయా?’’ నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు.

కానీ నా ఉద్దేశంలో ఇవి అసలు తప్పులు కావు. పల్లవి పొలం గట్టు మీద పాడి చరణానికి స్విట్జర్లాండ్‌లో తేలే హీరోల్ని చూస్తూ పెరిగినవాళ్లం మనం, లాజిక్ తప్పితే సినిమా పోదని మనకి చెప్పక్కర్లేదు. మనసు పట్టు తప్పితే పోతుంది. ఈ సినిమాలో ఆ పట్టు రెండు చోట్ల తప్పింది.

మొదటిది బేన్. ఆ పాత్ర వేసిన టామ్ హార్డీ ముఖం ముప్పావు వంతు మాస్క్‌లోనే ఉంటుంది, కళ్లతోనూ భుజాలతోనూ నటించాలి, నటించాడు కూడా. ఆ మురుగు సొరంగంలో మొదటి ఫైట్ చూడండి. అప్పటిదాకా హాన్స్ జిమ్మర్ చెవులు వాయించేస్తాడు, అక్కడ మాత్రం సంగీతం ఆగిపోతుంది. నీళ్లు పడే చప్పుడు, దెబ్బల చప్పుడు, అంతే. బ్యాట్‌మ్యాన్ లైట్లు ఆర్పేస్తే బేన్ బెదరడు, చీకటిని నువ్వు అరువు తెచ్చుకున్నావు, నేను అందులోనే పుట్టానంటాడు. ఒళ్లు గగుర్పొడుస్తుంది. తీరా చివరి అరగంటలో తేలేదేంటి? ఆ ఎడారి జైల్లో పుట్టిన బిడ్డ బేన్ కాదు, మిరాండా అనే పేరుతో తిరుగుతున్న తాలియా అట, బేన్ ఆమెకి కాపలా మనిషట. అంటే సినిమాలో అతి గొప్ప డైలాగు ఉత్తి డాబన్నమాట! ఆ తర్వాత ఒక్క నిమిషంలో దొంగ సెలీనా బైక్ మీదొచ్చి అతన్ని పేల్చేసి ఒక జోకు వేస్తుంది. రెండు గంటలు కొండలా నిలబెట్టిన విలన్‌ని అలా ఊడ్చిపారేశారు. తాలియా చావు సీను గురించి నేనేమీ రాయను, ఇప్పటికే లోకం చాలా నవ్వింది.

రెండోది జనం. ఇది ఇంకా పెద్ద లోటు. రెండో భాగంలో రెండు పడవల సీను గుర్తుందా, ఒక పడవని పేల్చే మీట రెండో పడవ వాళ్ల చేతిలో ఉంటుంది? ఒక ఖైదీ ఆ డిటోనేటర్‌ని తీసుకుని కిటికీలోంచి విసిరేస్తాడు. ఊరి మీద నమ్మకం అంతా ఆ ఒక్క విసురులో ఉంది. మూడో భాగంలో ఊరిని ప్రజలకే ఇచ్చేస్తున్నానని బేన్ ప్రకటిస్తాడు, ధనవంతుల ఇళ్లు లూటీ చేస్తారు, విచారణ లేని కోర్టులు పెడతారు, దోషుల్ని పలచటి మంచు మీద నడవమంటారు. మరి మామూలు మనిషి ఏమనుకున్నాడు, రొట్టె ఎక్కడ దొరికింది, పక్కింటివాణ్ణి పట్టిచ్చాడా దాచాడా? ఏమీ లేదు. విప్లవం సినిమా తీసి జనాన్ని ఇంట్లో పెట్టి తాళం వేశారు. సినిమా రాసిన నోలన్ సోదరులు ఇంగ్లిష్ రచయిత డికెన్స్ ఫ్రెంచి విప్లవం నవల నుంచి స్ఫూర్తి పొందామని చెప్పుకున్నారు, చివర్లో బ్రూస్ వేన్ (బ్యాట్‌మ్యాన్ అసలు పేరు) సమాధి దగ్గర పోలీసు కమిషనర్ గోర్డన్ చదివేది కూడా ఆ నవల ముగింపు వాక్యాలే. వాక్యాలు తెచ్చుకున్నారు, వీధిని తెచ్చుకోలేదు.

ఇంత తిట్టి మళ్లీ ఈ సినిమా ఎందుకు చూస్తానంటే, ఆ బావి కోసం. బ్యాట్‌మ్యాన్ ఆ జైలు గొయ్యిలోంచి తాడు నడుముకి కట్టుకుని ఎక్కి, చివరి గెంతు దగ్గర పడతాడు, మళ్లీ ఎక్కి మళ్లీ పడతాడు. ముసలి ఖైదీ ఒకడు, నీకు చావు భయం లేదు, అదే నీ లోపమంటాడు. ఆ బిడ్డ ఎక్కినట్టే తాడు లేకుండా ఎక్కమంటాడు. మూడోసారి తాడు వదిలేసి ఎక్కుతాడు, గెంతబోయే ముందు గబ్బిలాలు ఎగురుతాయి. 2005 నాటి మొదటి భాగంలో చిన్నప్పుడు బావిలో పడి ఆ గబ్బిలాలకే కదా భయపడింది! పైకి రాగానే కనిపించే ఆ పరిసరాలు జోధ్‌పూర్‌వి, వెనక మెహ్రాన్‌గఢ్ కోట. ఆ పది నిమిషాలూ మా వాడు ఒక్కసారి కూడా పాజ్ కొట్టలేదు.

గోర్డన్ సీను కూడా. నువ్వెవరో ఊరికి తెలియక్కర్లేదా అని అడిగితే బ్యాట్‌మ్యాన్ పేరు చెప్పడు, ఒకప్పుడు తల్లిదండ్రులు పోయిన పిల్లాడి భుజాల మీద కోటు కప్పిన మనిషిని గుర్తు చేస్తాడు. కప్పింది గోర్డనే, ఏడేళ్ల కిందటి సినిమాలో. ముగింపంటే అలా పాత బాకీ తీర్చాలి. రెండో భాగంలో జోకర్ వేసిన హీత్ లెడ్జర్ పోయాక ఆ జోకర్ పేరైనా ఎత్తకుండా సినిమా తీయడం కూడా నాకు మర్యాదగానే అనిపించింది.

ఇక అసలు ఫిర్యాదు. చివర్లో ఫ్లారెన్స్ కేఫ్‌లో బ్రూస్ కనపడటం అతని ఇంటి నౌకరు ఆల్ఫ్రెడ్ కల అయ్యుండొచ్చని మీ వ్యాసంలో రాశారు. ఎలా అవుతుందండీ? బ్రూస్ బాంబుతో పాటు ఎగిరిపోయి చనిపోయాడనుకున్న ఆ విమానంలో, దానంతటదే నడిపే ఆటోపైలట్‌ని ఆర్నెల్ల కిందటే బ్రూస్ వేన్ బాగు చేశాడని ఇంజనీరు, బ్రూస్ కంపెనీ చూసుకునే ఫాక్స్‌తో చెప్తాడు. ఆస్తుల జాబితాలో బ్రూస్ తల్లి ముత్యాల హారం లెక్క తేలదు. బ్యాట్‌మ్యాన్‌ని పిలిచే ఆకాశదీపం, అదే పగిలిపోయిన బ్యాట్ సిగ్నల్‌ని ఎవరో కొత్తగా పెట్టారు, గోర్డన్ దాన్ని తడిమి చూస్తాడు. ఆల్ఫ్రెడ్‌గా వేసిన మైకేల్ కేన్ ఆ సమాధి దగ్గర నేను మాట నిలబెట్టుకోలేకపోయానని అంతలా ఏడ్చాక, ఆ కేఫ్‌లో చిన్నగా తలూపే భాగ్యం కూడా కలని కొట్టేస్తే ఎలా? వచ్చే ఆదివారం ఒక చిన్న సవరణ వేయించండి.

ఇట్లు,
మీ పాఠకుడు, వరంగల్