పేరు ముందు ఆ ఒక్క మాట

బరంపురం,
మార్చి 3

ఏమే చిన్నీ,

బాగున్నావా? పిన్నిగారి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? నీ ఉత్తరానికి ఇన్నాళ్లు జవాబు రాయలేదని తిట్టుకుంటున్నావని తెలుసు. ఇవాళ మాత్రం నీకు చెప్పుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

ఫిబ్రవరి 28, సైన్స్ డే కదా. ఇక్కడ ఒక కాలేజీలో మాట్లాడమని పిలిచారు. రుషికుల్య ఒడ్డున తాబేళ్ల గూళ్ల గురించి రెండు వారాలు కూర్చుని తయారయ్యాను. ఇసుక బాగా వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ పుడతాయి, చల్లగా ఉంటే మగవి. రెండు మూడు డిగ్రీల తేడాకే మొత్తం తారుమారు! బయటికొచ్చిన పిల్లను అరచేతిలో పెట్టుకుని చూసినా ఆడదో మగదో తెలియదు.

తీరా వెళ్తే, నా కుర్చీ ముందు అట్ట మీద పేరు, దాని కింద ‘మహిళా శాస్త్రవేత్త’ అని. పక్కాయన అట్ట మీద ‘సముద్ర జీవశాస్త్రం’. మాట్లాడటం అయ్యాక మొదటి ప్రశ్న, “ఇల్లూ పరిశోధనా ఎలా చూసుకుంటున్నారు మేడం?” రెండోదీ అలాంటిదే. ఇసుక ఊసెత్తినవాళ్లు లేరు. ఏడుపొచ్చినంత పనైంది.

అదీ రామన్ పేరున జరుపుకునే రోజున! 1933లో కమలా సొహోనీ బొంబాయి యూనివర్సిటీలో ఫస్ట్ వచ్చి బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌కి అప్లై చేస్తే, ఆడపిల్లవని వద్దన్నది అప్పుడు అక్కడ డైరెక్టర్‌గా ఉన్న ఆయనే. ఆమె వదల్లేదు. చివరికి ఏడాది ప్రొబేషన్ అని షరతు పెట్టి చేర్చుకున్నారు. 1939లో కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసింది. ఆమె చదువు కంటే ముందు ఆ ఒక్క మాటే కనబడింది వాళ్లకి.

మా పక్కింటి ఒడియా వాళ్లు ‘సే ఆసిలే’ అంటే వచ్చింది ఆయనో ఆవిడో ఆ మాటలో తెలియదు. మన ‘వచ్చారు’ కూడా అంతే. ‘వచ్చింది’ అన్నామా, అమ్మాయికీ ఆవుకీ ఒకటే! ‘శాస్త్రవేత్త’ అన్న మాట ఎవరికైనా సరిపోతుంది కదే, దానికి ముందు మళ్లీ ఇంకోటి ఎందుకు?

అలా అని పూర్తిగా తీసిపారేయమనలేను. పాప పుట్టాక మూడేళ్లు ఇంట్లో ఉండిపోయిన నన్ను మళ్లీ ల్యాబ్‌కి తెచ్చింది కేంద్రం వాళ్ల మహిళా శాస్త్రవేత్తల స్కీమే. అది లేకపోతే ఈ ఉత్తరంలో తాబేళ్లే ఉండవు.

ఇంకోటి విను. అందరూ వెళ్లిపోయాక ఒక పిల్ల ఆగింది, పర్లాకిమిడి దగ్గర పల్లె. పోస్టర్ మీద ‘మహిళా’ అని చూశాకే వాళ్ల నాన్న పంపించాడట. నా సంచిలో థర్మామీటర్ చూసి, “ఇది ఎంత లోతున పెడతారు మేడం?” అంది. మూరెడు లోతు అన్నాను. వెంటనే మోచేతి నుంచి వేలి కొస దాకా తన చెయ్యే కొలుచుకుని చూసుకుంది. ఆ రోజు ఇసుక గురించి వచ్చిన ప్రశ్న అదొక్కటే.

అందుకే నిర్వాహకులకి రాశాను. గేటు దగ్గర పోస్టర్ మీద ఆ మాట ఉంచండి, ఆ పిల్లలాంటి వాళ్లు లోపలికి రావాలి. వేదిక మీద నా పేరు కింద మాత్రం ‘తాబేళ్ల గూళ్లు’ అని రాయండి అని. ఇంకా జవాబు రాలేదు.

ఈ నెలాఖరుకి ఆ పిల్లని రుషికుల్య తీసుకెళ్తున్నాను. నువ్వూ రాకూడదూ? రైలు దిగు, స్టేషన్‌కి నేనొస్తాను.

నీ
బుజ్జి