కఫూయే నది నీళ్ళు తాగినదాన్ని కాబట్టి రాస్తున్నాను

సంపాదకులకు నమస్కారం.

ఆఫ్రికాలో చైనా పెట్టుబడుల మీద మీరు పోయిన ఆదివారం వేసిన వ్యాసం చదివాను. అందులో జాంబియాకు దక్కినవి రెండే వాక్యాలు: చైనా అప్పుల వలలో పడింది, దివాలా తీసింది. ఆ దేశంలోని రాగి గనుల ఊరు కిట్వేలో 1991 నుంచి 2012 దాకా హైస్కూల్లో లెక్కలు చెప్పాను నేను. మా పిల్లలిద్దరూ అక్కడే పెరిగారు. అందుకే ఆ రెండు వాక్యాలు నాకు మింగుడుపడలేదు.

ముందు అప్పు సంగతి. 2020 నవంబర్‌లో జాంబియా కట్టలేక చేతులెత్తేసిన వాయిదా చైనాకు కట్టాల్సింది కాదు. విదేశీ మదుపరులు కొన్న డాలర్ బాండ్ల మీద వడ్డీ అది, 4.25 కోట్ల డాలర్లు. 2012, 2014, 2015లలో ఆ దేశం మొత్తం 300 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మింది. చైనా బాకీ చిన్నదేమీ కాదు. 2023 జూన్‌లో వేరే దేశాల ప్రభుత్వాలు గడువు పెంచడానికి ఒప్పుకున్న 630 కోట్ల డాలర్లలో 400 కోట్లకు పైగా చైనా ప్రభుత్వ బ్యాంకు ఎగ్జిమ్‌దే. కానీ అసలు పేచీ వేరే చోట వచ్చింది. 2020లో వాయిదా గడువు పొడిగించమని జాంబియా అడిగితే, చైనా బ్యాంకులకు ఎంత బాకీ ఉన్నారో, షరతులేమిటో చూపించమని బాండ్లు కొన్నవాళ్ళు పట్టుబట్టారు. గోప్యత షరతులు ఉన్నాయంటూ జాంబియా ప్రభుత్వం ఆ లెక్కలు పూర్తిగా బయటపెట్టలేదు. మా తెనాలిలో పది వేలకు ప్రోనోటు రాసుకున్నా సాక్షి సంతకం పెట్టించుకుంటాం. దేశం మొత్తం తీర్చాల్సిన అప్పు కాగితాన్ని ఆ దేశం మనుషులే చూడకూడదంటే నాకు కడుపు మండుతుంది.

చైనా అక్కడికి ఈమధ్యే వచ్చినట్టు కూడా మీ వ్యాసంలో ఉంది. కిట్వేలో పెద్దవాళ్ళనెవరినైనా అడగండి, టజారా రైలు గురించి చెబుతారు. జాంబియాకు సముద్రం లేదు. 1965లో పక్కనున్న రొడీషియాలో (ఇప్పటి జింబాబ్వే) తెల్లవాళ్ళ ప్రభుత్వం తనంతట తానే స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాక, ఆ దేశం మీదుగా రాగిని రేవుకు చేర్చే దారి చిక్కుల్లో పడింది. కొత్త రైలు మార్గానికి డబ్బు అడిగితే గిట్టుబాటు కాదన్నారు ప్రపంచ బ్యాంకు వాళ్ళు, పాశ్చాత్య దేశాల వాళ్ళు. అప్పటికి తనే పేద దేశమైన చైనా వడ్డీ లేని అప్పు ఇచ్చి, 1970 నుంచి 1975 దాకా పనిచేసి, జాంబియాలోని కపిరి ఎంపోషి నుంచి టాంజానియాలోని దార్ ఎస్ సలాం రేవు వరకు 1,860 కిలోమీటర్ల లైను వేసింది. ఆ పనిలో 60 మందికి పైగా చైనావాళ్ళు చనిపోయారు. ఒక డిసెంబర్ సెలవుల్లో మేం నలుగురం ఆ రైలెక్కాం. రెండు రాత్రుల ప్రయాణం. మా పెట్టెలో ఒక రిటైరైన గని కార్మికుడు ఉన్నాడు. సొరంగం వచ్చినప్పుడల్లా, కొత్తగా కట్టిన సొంత ఇంట్లో గదులు చూపించినంత ముచ్చటగా మా అబ్బాయిని పిలిచి చూపించాడు. ‘అప్పుల వల’ అని రాసేవాళ్ళు ఆ ముసలాయన ముఖం చూసి ఉండాల్సింది.

ఆ మంచి పేరు తరిగిపోవడం కూడా నేను చూశాను. కిట్వేకు 30 కిలోమీటర్ల లోపే చంబిషి ఉంది. పదేళ్ళపాటు మూతపడ్డ అక్కడి గనిని 1998లో చైనా ప్రభుత్వ కంపెనీ కొన్నప్పుడు, మళ్ళీ ఉద్యోగాలొస్తాయని అందరూ సంబరపడ్డారు. 2005 ఏప్రిల్ 20న ఆ గని ఆవరణలో ఉన్న పేలుడు పదార్థాల ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా చనిపోయారు. నా దగ్గర తొమ్మిదో గ్రేడు చదువుతున్న అమ్మాయి వాళ్ళన్న అందులో ఒకడు. పనిలో చేరి నెల కూడా కాలేదు. శవపేటిక మూత తెరవనివ్వలేదు. మందుగుండు పనికి నా కొడుక్కి ఏం నేర్పి పంపారని వాళ్ళమ్మ అడుగుతూనే ఉంది. మేం టీచర్లం ఏం చెప్పగలం?

చైనా మనుషుల మీద నాకు కోపం లేదు. మా వీధి చివర ఒక చైనా ఇంజినీరు కుటుంబం ఉండేది. కిట్వేలో ఎంత వెతికినా దొరకని బీర విత్తనాలు ఆయన భార్యే నాకిచ్చింది. ఆవిడకు ఇంగ్లీషు రాదు, నాకు చైనా భాష రాదు. నేను చేసి పంపిన బీరకాయ పచ్చడి మాత్రం గిన్నె ఖాళీ చేసి పంపేది.

మనవాళ్ళూ తక్కువ తినలేదు. 2006లో చింగోలాలో, భారతీయుల చేతిలో ఉన్న రాగి గని వ్యర్థాలు కఫూయే నదిలో కలిసి అక్కడ మంచినీళ్ళు ఆగిపోయాయి. మర్నాడు కిట్వేలోని చిసోకోనె మార్కెట్లో నేను రోజూ కూరలు కొనే ఆవిడ, “మీవాళ్ళేగా మేడమ్” అంది. తల ఎత్తలేకపోయాను. ఆ కాలుష్యం మీదే తర్వాత 1,826 మంది పల్లె జనం లండన్‌లో కేసు వేస్తే, అక్కడ విచారించవచ్చని బ్రిటన్ సుప్రీంకోర్టు 2019లో తీర్పు చెప్పింది. మీ వ్యాసంలో ఈ ముక్క లేదు.

2025 ఫిబ్రవరిలో, అన్నను పోగొట్టుకున్న ఆ అమ్మాయి వాట్సాప్‌లో ఫోన్ చేసింది. ఇప్పుడు ముగ్గురు పిల్లల తల్లి. “మేడమ్, కుళాయిలు ఆపేశారు” అంది. 18వ తేదీన చంబిషి దగ్గర మరో చైనా కంపెనీ రాగి వ్యర్థాల చెరువు గట్టు తెగింది. కోట్ల లీటర్ల యాసిడ్ నీళ్ళు వాగులో పడి కఫూయేలో కలిశాయి. మనకు కృష్ణ ఎంతో వాళ్ళకు కఫూయే అంత. దేశంలో సగం మందికి పైగా ఆ నది పరివాహకంలోనే బతుకుతారు. చేపలు చచ్చి తేలాయి. యాసిడ్‌ను విరవడానికి ప్రభుత్వం విమానాలతో నదిలో సున్నం చల్లించింది. వాగు పక్కన వాళ్ళమ్మ వేసుకున్న మొక్కజొన్న మాడిపోయింది. ఆ పిండితో వండే న్షిమాయే వాళ్ళకు రెండు పూటలా అన్నం.

ఆ గట్టును చివరిసారి ఎవరు తనిఖీ చేశారు? పనిలో పెట్టుకున్న కుర్రాడికి ఏం నేర్పారు? అప్పు కాగితం ఎవరు చదివారు? జెండా ఏ దేశానిదైనా జాంబియావాళ్ళు ఇరవై ఏళ్ళుగా అడుగుతున్నవి ఇవే. మా స్టాఫ్ రూములో రోజూ వినేదాన్ని. ఏ పెట్టుబడి మంచిదో ఏది చెడ్డదో వాళ్ళకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

పాత టజారా లైను బాగుచేసి నడపడానికి 2025లో ఒక చైనా కంపెనీతో 140 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. మళ్ళీ జాంబియా మీద రాసే ముందు, ఆ ఒప్పందం కాగితాలు అక్కడి పార్లమెంటు ముందు పెట్టారా లేదా అని మీ విలేఖరి చేత కనుక్కోమని నా మనవి.

– ఒక రిటైర్డ్ లెక్కల టీచరు, తెనాలి