గిర్టన్ చూసొచ్చాను

అమ్మకు,

నేను క్షేమం. ఆదివారం ఫోనులో నా గొంతు బొంగురుపోయిందని కంగారుపడ్డావు కదా, జలుబు పూర్తిగా తగ్గింది. ఆఫీసు పని మామూలే. నాన్న కంటి ఆపరేషన్ ఎప్పుడో ఇంకా చెప్పనేలేదు మీరు.

శనివారం కేంబ్రిడ్జి వెళ్లాను. లండన్ నుంచి రైల్లో గంట ప్రయాణం. కింగ్స్ కాలేజీ చాపెల్ పైకప్పు, రాతితో చేసిన విసనకర్రలు వరసగా విప్పి పెట్టినట్టు ఉంది. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. రామానుజన్ ఉన్న ట్రినిటీ కాలేజీ ముందు కాసేపు నిలబడ్డాను. కానీ నేను వెళ్లింది గిర్టన్ కోసం. సరోజినీ నాయుడు చదివిన కాలేజీ. నాంపల్లిలో బస్సు వాళ్ల ఇంటి ముందుకు రాగానే ప్రతిసారీ నా గడ్డం పట్టి అటు తిప్పేదానివి.

ఊరికి రెండు మైళ్ల పైనే, నడిచే వెళ్లాను. ఆడపిల్లలు మగవాళ్ల కాలేజీలకు దూరంగా ఉండాలని 1873లో అంత ఎడంగా కట్టారట. ఎర్ర ఇటుకల గోడలు వానకు తడిసి ముదురు రంగు తేలాయి. చెయ్యి ఆనించి చూశాను, మంచుగడ్డే. పదహారేళ్ల పిల్ల, 1895లో నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఇంత చలి దేశానికి ఎలా వచ్చిందో!

అమ్మా, ఆ రోజుల్లో ఇక్కడ ఆడపిల్లలు పరీక్షలు రాసేవారు, పాసయ్యేవారు, డిగ్రీ మాత్రం ఇచ్చేవారు కాదు. 1897లో ఇవ్వాలా వద్దా అని ఓటింగ్ పెడితే, సైకిలెక్కిన ఆడమనిషి బొమ్మను యూనివర్సిటీ వాళ్ల సెనేట్ హౌస్ భవనం ఎదురుగా వీధిలో వేలాడదీశారు. ఓడించారు కూడా. చివరికి 1948లో ఇచ్చారు. తిరిగి వచ్చేటప్పుడు ఆ వీధిలోనే నిలబడ్డాను. ఒక అమ్మాయి సైకిలు ఆపి, ముందు బుట్టలోని పుస్తకాలు తడవకుండా తన స్కార్ఫు తీసి వాటిమీద కప్పుతోంది. నాకు ఏడుపు వచ్చింది.

ట్రంకు పెట్టెలో పట్టుచీరల అడుగున నీ హాల్ టికెట్ ఉంది కదా, రెండు జడల ఫోటోతో. బి.ఏ. రెండో ఏడాదిది. పరీక్షల వారంలోనే పెళ్లి. నేను తాతయ్యను తప్పుపట్టడం లేదు, నువ్వు వెంటనే ఆయన పక్షం మాట్లాడకు. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఇప్పుడైనా చేరవచ్చు. వయసు గురించి నాకు చెప్పవద్దు. ఫీజు నేను కడతాను.

నా పెళ్లి మాట అత్తయ్య మళ్లీ ఎత్తిందని చెప్పావు. దసరాకు వచ్చినప్పుడు నేనే ఆవిడతో మాట్లాడతాను, నువ్వు మధ్యలో నలగవద్దు.

గోంగూర పచ్చడి రెండు చెంచాలు మిగిలింది. శనివారం పులిహోర కట్టుకుని నది ఒడ్డున తిన్నాను, కాబట్టి తిండి మానేస్తున్నానని అనుకోకు.

హాల్ టికెట్ రెండు వైపులా ఫోటో తీసి పంపించు. తమ్ముడికి చెబితే తీస్తాడు.

నీ చిన్ని