సముద్రంలో విశాఖేశ్వరుడి గుడి: వెతికితే పద్ధతిగా వెతకాలి

సంపాదకులకు,

కాశీకి వెళ్తూ విశాఖలో బస చేసిన ఆంధ్ర రాజు తన ఇలవేల్పు విశాఖేశ్వరుడికి ఒడ్డున గుడి కట్టించాడనీ, లాసన్స్ బేకి కాస్త దక్షిణాన ఉన్న ఆ గుడిని సముద్రం మింగేసిందనీ మన ఊళ్లో చెప్పుకుంటారు. ఇందులో చరిత్ర ఎంతో తేల్చే మార్గం ఉంది. మహాబలిపురానికీ ఇలాంటి కథే ఉంది. 2002లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు వెతికితే ఒడ్డుకు 500–700 మీటర్ల దూరంలో, 5–8 మీటర్ల లోతున గోడల ఆనవాళ్లు, చెక్కిన రాళ్లు కనిపించాయి. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం విశాఖలోనే ఉంది.

మంచుయుగం ముగిశాక సముద్ర మట్టం పెరిగి గుడి మునిగిందనే వాదన మాత్రం కుదరదు. దాదాపు 20 వేల ఏళ్ల కిందట ఇప్పటికంటే 120 మీటర్లు దిగువనున్న సముద్రం, ఆరేడు వేల ఏళ్ల కిందటికే ఇంచుమించు నేటి స్థాయికి వచ్చేసింది. పక్కనే ఉన్న సింహాచలం గుడిలో దొరికిన తొలి శాసనమే 11వ శతాబ్దం చివరిది. విశాఖేశ్వరుడి గుడీ ఇంచుమించు ఆ కాలానిదే అనుకుంటే, అది పోయిందంటే తీరం కోతకే పోయి ఉండాలి. కాబట్టి నీళ్లలో నిలబడ్డ గోపురం కోసం చూడకూడదు, ఇసుకలో చెదిరిన రాళ్ల కోసం చూడాలి.

మొదట పెదజాలరిపేట మత్స్యకారులను అడగాలి. వలలు ఎక్కడ చిక్కి చిరుగుతాయో వాళ్లకే తెలుసు. ఆ చోట్ల సముద్రం నెమ్మదించిన నెలల్లో శబ్ద తరంగాలతో సముద్రపు అడుగును చిత్రించే సైడ్‌స్కాన్ సోనార్ నడపాలి. అది అడుగు పైభాగాన్నే చూపిస్తుంది గనుక, ఇసుక కింద ఏముందో చూసే సబ్‌బాటమ్ ప్రొఫైలర్ కూడా కావాలి. డైవర్లు దిగాల్సింది ఆ తర్వాతే.

పొరబడేది ఎక్కువగా ఇక్కడే. మన తీరపు ఖొండలైట్ రాయి పగుళ్ల వెంట విరిగి, పలకలు పేర్చినట్టే కనిపిస్తుంది. పక్కపక్క రాళ్లలో చారలు ఒకే వరుసలో సాగితే అది కొండరాయే. ఉలి గాట్లు, కూర్పు కోసం తొలిచిన గుంటలు, కొలతకు చెక్కిన అంచులు ఉంటేనే మనిషి పని. పైగా ఆర్కే బీచ్‌లో కోతను ఆపడానికి డ్రెడ్జింగ్‌లో వేరే చోట తవ్విన ఇసుక పోస్తున్నారు. అందులో కలిసి వచ్చిన కుండపెంకును ఈ చోటుకు సాక్ష్యంగా తీసుకోలేం. ఖంభాత్ సింధుశాఖలో జరిగిందీ ఇదే: నీళ్ల అడుగున ఉందని 2001లో ప్రకటించిన నగరానికి, అడుగు నుంచి గోకి తీసిన కర్రముక్క వయసునే ఆధారం చేశారు. బలమైన ఆటుపోట్లున్న ఆ నీళ్లలో కర్ర ఎక్కడి నుంచైనా కొట్టుకొచ్చి ఉండొచ్చు.

పైకి తెచ్చిన పెంకుల్ని ఎండబెట్టకూడదు. లోపలి ఉప్పు గట్టిపడి పొరలుగా రాలిపోతాయి. మంచినీళ్లు మారుస్తూ నానబెట్టాలి.

రాష్ట్ర పురావస్తు శాఖ జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ విశాఖ కేంద్రంతో కలిసి ఈ సర్వే చేపట్టాలని కోరుతున్నాం. అది తేలేదాకా బీచ్‌లో పెట్టే ఏ పర్యాటక బోర్డు మీదైనా ఈ కథ పక్కన ‘స్థలపురాణం ప్రకారం’ అని రాయాలి.

— పాఠకులు, విశాఖపట్నం