శివారు సేవా సంస్థలకు జీతాలే లోటు

సంపాదకులకు,

నమస్కారం. హైదరాబాద్ పడమటి శివార్లలో వలస కూలీల పిల్లలకు చదువు చెప్పే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థకు నేను కోశాధికారిని. బ్యాంకులో ముప్పై ఏళ్లు పద్దులు చూసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఈ సంగతిని లెక్కల వైపు నుంచే చెప్పగలను. నగరం పెరిగినంత వేగంగా సేవా సంస్థలు పెరగడం లేదని తరచు వింటుంటాం. దాతలు కరవై ఈ పరిస్థితి వచ్చిందని నేను అనుకోను. ఇప్పటి సాయం పద్ధతులన్నీ, జనం ఒకచోట స్థిరపడిన బస్తీలను మనసులో పెట్టుకుని ఏర్పడినవి.

2001–2011 మధ్య ఉమ్మడి రంగారెడ్డి జిల్లా జనాభా 48 శాతం పెరిగి 53 లక్షలకు చేరువైంది. అదే పదేళ్లలో హైదరాబాద్ జిల్లా పెరుగుదల ఐదు శాతానికి కూడా చేరలేదు. ఆ తర్వాత మా పడమటి శివార్లలోని కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల కాలనీ 2023 జూన్‌లో ప్రారంభమైంది. రెండు నెలలకే అదే వైపున్న కోకాపేట భూముల వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఆ ధర పత్రికల్లో పతాక శీర్షిక అయింది కానీ, ఆ చుట్టుపక్కల పిల్లల బడికి అద్దెగది వెతుక్కునేవాళ్లకు దాని అర్థం వేరు.

మా హాజరుపట్టీని ఉదాహరణగా చెబుతాను. జూన్‌లో 62 పేర్లు రాసుకున్నాం. సంక్రాంతికి వాటిలో మిగిలినవి 19. మిగతా పేర్ల పక్కన టీచరు ఎర్రసిరాతో ‘వెళ్లిపోయారు’ అని రాశారు. స్లాబుల పని అయిపోగానే మేస్త్రీ తన గుంపును మరో సైటుకు తీసుకెళ్తాడు, రేకుల గదులు ఖాళీ అవుతాయి, వారం తిరక్కుండానే వాటిలోకి ఒడిశాలోని బలంగీర్ నుంచో బిహార్ నుంచో ఇంకో గుంపు దిగుతుంది. ఆ సంక్రాంతినాటికి చాపల మీద కూర్చున్న పిల్లలు నిజానికి 71 మంది. నిధులిచ్చిన కంపెనీ ప్రతినిధి మాత్రం తన నివేదికలో ‘43 మంది చదువు మానేశారు’ అని రాసుకెళ్లారు. ఆయన తప్పేమీ లేదు, ఆయనకిచ్చిన ఫారంలో ఉన్న గడి అదొక్కటే.

ఆ టీచరుది ఇచ్ఛాపురం. ఒడియా, తెలుగు రెండూ ఇంటి భాషలే కావడంతో పిల్లలు ఆమెను చుట్టుకుని ఉండేవారు. మూడు నెలలు జీతం ఆలస్యమయ్యేసరికి ఆమె ఒక ప్లేస్కూలులో చేరిపోయారు. అప్పటికి మా గదిలో ఒక గోడ వెంట దాతలిచ్చిన స్కూలు బ్యాగులు నడుము ఎత్తున పేర్చి ఉన్నాయి. బ్యాగు మీద కంపెనీ ముద్ర వేయవచ్చు, జీతం మీద వేయలేరు కదా!

జీతాలివ్వడానికి నిబంధనలు అడ్డమని కంపెనీలవారు చెబుతుంటారు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం అర్హమైన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి, తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. 2021 నాటి నిబంధనలు పెట్టిన 5 శాతం పరిమితి కంపెనీ సొంత నిర్వహణ ఖర్చులకే వర్తిస్తుంది. కార్యక్రమాన్ని నేరుగా అమలు చేయడానికి అయ్యే ఖర్చు అందులోకి రాదు. పాఠం చెప్పే మనిషి జీతం అమలు ఖర్చు కాకపోతే మరేమిటి? పైగా మొదలైన ఏడాది కాక మరో మూడేళ్ల వరకు కొనసాగే ప్రాజెక్టులను అవే నిబంధనలు అనుమతిస్తున్నాయి. అయినా మావంటివారికి సాధారణంగా అందేది ఒక్క ఏడాది ఒప్పందమే, అది కూడా ఆర్థిక సంవత్సరం ముగిసే హడావుడిలో.

నిబంధనల్లో నిజంగా మార్చవలసింది ఇంకొకటి ఉంది. ఈ నిధులు పొందాలంటే బయటి స్వచ్ఛంద సంస్థకు అదే రకం పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. మోసగాళ్లను ఆపడానికి పెట్టిన ఈ షరతును నేను తప్పుపట్టను. కానీ మూడేళ్లలో జొన్నచేను ముప్పై అంతస్తులయ్యే చోట, స్థానికులు కలిసి పెట్టుకున్న కొత్త సంస్థకు అర్హత వచ్చేసరికి దాని అవసరం ఉన్న కూలీలు ఔటర్ రింగ్ రోడ్డు దాటి వెళ్లిపోతారు. నగరంలోని పాత సంస్థ పూచీ పడితే కొత్త సంస్థకు మొదటి ఏడాదిలోనే చిన్న మొత్తం ఇవ్వడానికి వీలు కల్పించాలి. పిల్లలను పేర్లతో కాక, బోధన జరిగిన రోజులతో, ఆ రోజుల్లో కూర్చున్నవారి సంఖ్యతో లెక్కించే గడి ఒకటి ఫారంలో చేర్చాలి. ఈ రెండో పనికి చట్ట సవరణ కూడా అక్కర్లేదు.

జూన్‌లో బడులు తెరిచేలోగా ఒడియా తెలిసిన టీచరును మళ్లీ వెతుక్కోవాలి. ఆమెకు ఎన్ని నెలల జీతానికి హామీ ఇవ్వగలమో మార్చి నెలాఖరు దాకా మాకే తెలియదు.

భవదీయుడు,
ఒక స్వచ్ఛంద సంస్థ కోశాధికారి,
తెల్లాపూర్