మా నాయనకు పాపిడి తీసిన అన్నకు, ఇంకా అందరికీ

నిన్నటితో కర్మాంతరం అయింది. ఫోన్లో జవాబివ్వని మెసేజీలు కుప్పగా ఉన్నాయి. ఒక్కొక్కరికీ విడిగా రాసే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నా, ఏమీ అనుకోకండి.

మా నాయన చిత్తూరు కోర్టులో నలభై ఏళ్లకు పైగా సివిల్ కేసులు చూశారు. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పోయారు. అమ్మ, తమ్ముడు, మా ఆయన, చిన్నాయన వాళ్లు అంతా వెంట నిలబడ్డారు. సొంతవాళ్లకు థ్యాంక్స్ చెప్పడమేంటని నాయనే కోప్పడతారు, అందుకని అది వదిలేస్తున్నా.

రాయాల్సింది నాయనను తిరుపతి నుంచి ఇంటికి చేర్చిన ఆ బండి అన్న గురించి. పేరు పెట్టొద్దన్నాడు, పెట్టడం లేదు.

డాక్టరు చెప్పేసరికి అర్ధరాత్రి కావస్తోంది. ఇన్సూరెన్స్ అప్రూవల్ వస్తేనే బిల్లు తేలుతుంది, బిల్లు తేలితేనే అప్పజెబుతాం అన్నారు. ఆ పొద్దున కేంటీన్ బిల్లుతో సహా గంటగంటకూ కట్టించుకున్నవాళ్లే. మాట్లాడుకున్న బండి అప్పటికే వచ్చి గేటు దగ్గర ఆగి ఉంది. ఎంతసేపవుతుందో తెలీదు, వేరే బాడుగ ఉంటే చూసుకో అన్నా అని తమ్ముడు చెప్పాడు. "ఈ టైములో మీకు ఇంకో బండి యాడ దొరుకుతాది సామీ" అని అక్కడే కూర్చున్నాడు.

తెల్లవారుజామున ఇచ్చారు. నాయన చెంపల మీద వెంటిలేటర్ గొట్టానికి అంటించిన ప్లాస్టర్ల జిగురు మురికి పట్టి నల్లగా ఉంది. లక్షల బిల్లు వేసిన చోట ఆ కాస్త తుడిచే మనిషి లేకపోయారు. అన్న బండిలోంచి చిన్న కొబ్బరినూనె సీసా, దూది తీసుకొచ్చాడు. చెంపలకు నూనె రాసి, కాసేపు నాననిచ్చి, మెల్లగా తుడిచాడు. చెవుల వెనక, మణికట్టు దగ్గర సెలైన్ సూదికి వేసిన టేపు కింద, ఎక్కడా వదల్లేదు. "ఇంటికాడ అమ్మ ఇట్ల చూస్తే తట్టుకోలేదు మా" అన్నాడు. అమ్మను సాయంత్రమే చిత్తూరు పంపేశామని ఎవరితోనో అంటుంటే విన్నట్టున్నాడు. తర్వాత జేబులోంచి దువ్వెన తీసి నా వైపు చూసి అడిగాడు, "సారు పాపిడి ఏ పక్క తీస్తారు?"

అప్పటిదాకా సంతకాలు పెడుతూ, ఫోన్లు చేస్తూ బాగానే ఉన్నా. ఎడమ పక్క అని చెప్పలేక అక్కడే కూలబడిపోయా. చేత్తో చూపిస్తే తీశాడు. చంద్రగిరి దాటాక బండి ఆపి మాకు టీ తాగించాడు. పూతలపట్టు నుంచి ఇంటికి ఫోన్ చేసి ఇంకెంతసేపో చెప్పమన్నది కూడా తనే. మాట్లాడిన బాడుగ మీద ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు. అన్నా, మా అమ్మ చూసింది ఆయన మామూలు ముఖాన్ని. అది నీ వల్లే.

ఇల్లు చేరేసరికి పల్లెల నుంచి కక్షిదారులు వచ్చేసి ఉన్నారు. ఫీజు కింద బెల్లం, తోతాపురి కాయలు తెచ్చిచ్చిన ఇళ్లవాళ్లు. ఎక్కువమంది ఆడవాళ్లే. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన వాటా ఇస్తూ 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5కి ముందే పెళ్లయినవాళ్లకు వర్తించేది కాదు. అట్లాంటివాళ్లను ఉత్తచేతులతో పంపాల్సి వచ్చినప్పుడు నాయన రాత్రి అన్నం సరిగా తినేవారు కాదు. 2005లో కేంద్ర చట్టం ఆ అడ్డు తీసేసింది. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సాయంత్రం పెండింగు కేసుల కట్టలు ముందేసుకుని తనే ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు. ముందుగా మాత్రం సొంత చెల్లెలికి, అంటే మా అత్తకు, భాగం రాసిచ్చి వచ్చారు.

జనాలకు కాగితాలు తెప్పించి పెట్టిన మనిషి కాగితాల కోసం ఇప్పుడు మేం తిరుగుతున్నాం. మరణం ఏ ఊళ్లో జరిగితే అక్కడే నమోదు. 2022 నుంచి తిరుపతి వేరే జిల్లా. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, ఆసుపత్రి రాసిచ్చినదాంట్లో వెనకుంది. దిద్దాల్సింది మేం కాదంటే మేం కాదని రెండు చోట్లా అంటున్నారు. సర్టిఫికెట్ లేనిదే అమ్మకు బ్యాంకులో పని జరగదు. చదువుకున్న మాకే ఇట్లుంటే, నాయన దగ్గరికొచ్చిన ఆ ఆడవాళ్ల సంగతేంటి?

సంతాప సభ పెట్టిన బార్ అసోసియేషన్ పెద్దలకు, నాయన జూనియర్లకు, మూడు పూటలా మా వీధికంతా వండిపెట్టిన ఎదురింటి అక్కకు నమస్కారాలు. ఆగండి, ఐసీయూ బయట నాకు తన చాప ఇచ్చిన పీలేరు పెద్దమ్మను మరిచా. మీ ఆయన ఇంటికొచ్చేశారని ఆశిస్తున్నా అమ్మా. రక్తమిచ్చిన కాలేజీ పిల్లలకు కూడా.

కక్షిదారులకు ఒక మాట. మీ ఒరిజినల్ దస్తావేజులన్నీ మా ఇంట్లో భద్రంగా ఉన్నాయి. నాయనకిచ్చిన వకాలత్ ఇక చెల్లదు, కొత్తది వేసుకోవాలి. ఎవరికిస్తారో మీ ఇష్టం. వాయిదా దగ్గర్లో ఉన్నవాళ్లు ముందు రండి, గుమాస్తా అన్న రోజూ సాయంత్రం ఇంట్లోనే ఉంటాడు. అయ్యో, అతన్నీ పైన రాయలేదు.