మన కాలనీ మిద్దెతోటల సంఘం – వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

గత ఉగాది నుంచి ఈ ఉగాది వరకు జరిగిన పనుల వివరాలివి. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు కాబట్టి వాటి జోలికి పోను.

ఈ ఏడాది అన్నిటికన్నా బాగా నడిచింది జీవామృతం, అంటే మొక్కలకి పోసే పులియబెట్టిన ద్రవ ఎరువు. ఎవరి మేడ మీద వాళ్లు కలుపుకొని, వాసనకి ఇంట్లోవాళ్లతో చీవాట్లు తినే బదులు కమ్యూనిటీ హాలు వెనక నీడలో ఒకే డ్రమ్ము పెట్టాం. 200 లీటర్ల నీళ్లకి 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల గోమూత్రం, బెల్లం, శనగపిండి రెండేసి కిలోలు, గుప్పెడు మట్టి. 48 గంటలు పులియాలి, పూటపూటా కర్రతో తిప్పాలి. వంతు ఒకరిదైనా నలుగురు చేరేవారు. ఏళ్లుగా ఎదురెదురు ఇళ్లలో ఉండి పలకరించుకోని వాళ్లు, మొక్కలకి పట్టే పిండినల్లి పురుగుకి ఏం కొట్టాలంటూ మాట కలిపారు. (వేపనూనె, లీటరుకి 5 మిల్లీలీటర్లు, కాస్త కుంకుడు రసంతో. మిట్ట మధ్యాహ్నం కొట్టకండి.)

వానాకాలంలో సొర, బీర పిందెలు పసుపుబారి రాలిపోతుంటే చాలామంది టెన్షన్ పడ్డారు. పైఅంతస్తులకి తేనెటీగలు తక్కువ. పుప్పొడి మనమే అద్దుదామని పొద్దున్నే మేడెక్కితే పువ్వులు వాడిపోయి ఉండేవి. రిటైరైన బోటనీ మాస్టారు అసలు సంగతి చెప్పారు: గుమ్మడి, కాకర పొద్దున విచ్చుకుంటాయి, సొర, బీర సాయంత్రం. అప్పటి నుంచి దీపాలవేళ మేడల మీద సందడే. బుల్లి పిందె ఉన్నది ఆడపువ్వు. మగపువ్వు రేకులు తుంచి, ఆ పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లిగా రాయాలి. ఈ పనిలో పిల్లలదే పైచేయి.

మృగశిర కార్తెకి ముందు నాటు విత్తనాలు పంచుకున్నాం. హైబ్రిడ్ కాయల గింజలు దాచొద్దని మళ్లీ మనవి, తల్లి గుణం నిలవదు. వంగ మొక్కల మధ్య వేసిన బంతి బతుకమ్మకి ఉపయోగపడింది.

ఎండాకాలం బోరు అడుగంటింది, ట్యాంకర్లు తెప్పించాం. సగం ఎండని ఆపే 50 శాతం షేడ్‌నెట్ కట్టిన మేడల్లో ఆకుకూరలు నిలిచాయి. కోతులకి మాత్రం ఇంకా మందు దొరకలేదు.

కూరల ఖర్చే చూసుకుంటే రైతుబజారే చవక. అయినా ఈసారి ఎవరూ సభ్యత్వం మానుకోలేదు, కిందింటి అద్దెవాళ్లు కూడా కుండీలు అడుగుతున్నారు.

డ్రమ్ము ఒక్కటీ సరిపోవడం లేదు. రెండోదానికి చోటు, తిప్పే వంతులు ఈ సమావేశంలోనే తేల్చాలి. పేర్లు ఇచ్చేవాళ్లు భోజనాలకి ముందే ఇవ్వండి, తర్వాత ఎవరూ దొరకరు.

ఇట్లు,
కార్యదర్శి